శ్వాస మార్గమూ దాని కావలీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆనాపానసతిని అభ్యసించేవారు ఈ సభలో అనేకులున్నారు. వారికి మొదటినాడు అందే సూచన ఒక్కటే: లోపలికి పోయే గాలిని, వెలుపలికి వచ్చే గాలిని గమనించడం. ఆ గాలి ఎంత దూరం పోతున్నది, ఏ గోడలను తాకుతున్నది, ఏ పని ముగించుకొని తిరిగి వస్తున్నది అన్న ప్రశ్నలు ధ్యానానికి అవసరం కాకపోవచ్చు. మనిషిని అర్థం చేసుకోవడానికి మాత్రం అవి అవసరమే. శ్వాసావయవాలను గురించి చెప్పవలసినవారు వైద్యులు గదా, చరిత్ర బోధించేవారికి ఇందులో పనేమిటని కొందరికి తోచవచ్చు. శ్వాసను మనిషి తెలుసుకొన్న తీరుకు ఒక చరిత్ర ఉన్నది. తెలిసిన తరువాత కూడా కొందరి శ్వాసను కాపాడక వదలివేసిన తీరుకు మరొక చరిత్ర ఉన్నది. ఈ రెండింటినీ ఒకచోట చెప్పడమే నేటి మా ప్రయత్నం.

ప్రాచీనులు ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. సతిపట్ఠాన సుత్తం శరీర భాగాలను వరుసగా లెక్కించే చోట హృదయం, కాలేయం, కిలోమకం, ప్లీహం, పప్ఫాసం అనే పేర్లు వస్తాయి. పప్ఫాసమంటే ఊపిరితిత్తి. కిలోమకాన్ని ఊపిరితిత్తిని కప్పే పొర అని కొందరు అనువాదకులు గ్రహించారు. మజ్ఝిమ నికాయంలోని 118వ సుత్తం శ్వాసను గమనించే అభ్యాసాన్ని 16 మెట్లుగా విభజించింది. క్రీస్తు శకం 5వ శతాబ్దపు బుద్ధఘోషాచార్యులు విసుద్ధిమగ్గంలో శ్వాసను కమ్మరి కొలిమితిత్తితో పోల్చారు. తిత్తి ఉండాలి, దానిని ఆడించే మనిషి ప్రయత్నమూ ఉండాలి. రెండూ ఉంటేనే గాలి కదలుతుంది. అట్లే దేహమూ మనస్సూ రెండూ కారణమైతేనే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు నడుస్తాయని వారి తాత్పర్యం. మన తెలుగు వారు ఈ అవయవానికి పెట్టుకొన్న పేరులోనే ఆ పోలిక ఉన్నది. కొలిమికి ఒక తిత్తి, ఊపిరికి ఒక తిత్తి. ఈ పోలిక ఎంతవరకు నిజమో ఇక వరుసగా చూద్దాం.

గాలి ప్రవేశించే ద్వారం నాసిక. చూపుకు రెండు రంధ్రాలే గాని, లోపల నాసికా కుహరం ఇరుకైన వంకర దారులతో నిండి ఉంటుంది. ప్రక్క గోడల నుండి చుట్టలవలె వంగిన పలుచని ఎముకలు లోనికి చొచ్చుకొని వస్తాయి. వాటిపై రక్తం సమృద్ధిగా పారే తడి పొర ఉంటుంది. వంకర దారిలో తిరిగి తిరిగి వచ్చే గాలి ఆ పొరను తాకి వెచ్చబడుతుంది, తడి పట్టుతుంది, పెద్ద ధూళి కణాలను అక్కడే విడిచిపెడుతుంది. చలికాలపు తెల్లవారుజామున పీల్చిన గాలి గొంతు దిగేసరికి దాదాపు శరీరపు వెచ్చదనాన్ని పొందుతుంది. రెండు రంధ్రాలలో ఒకటి కొన్ని గంటలు ఎక్కువగా తెరచుకొని, తరువాత ఆ పని రెండవదానికి అప్పగించడం కూడా ఆరోగ్యవంతుల లక్షణమే. శ్వాసను శ్రద్ధగా గమనించేవారికి ఈ మార్పు అనుభవంలో తెలిసే ఉంటుంది.

నాసిక వెనుక గ్రసని. ఇది అన్నానికీ గాలికీ ఉమ్మడి దారి. ఉమ్మడి దారి అయినచోట తగవు తప్పదు గనుక, దాని అడుగున ఉపజిహ్విక అనే మృదులాస్థి రెప్ప ఒకటి అమరి ఉన్నది. ముద్ద మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, ఆ రెప్ప వంగి శ్వాస ద్వారాన్ని మూసివేస్తుంది. భోజనం చేస్తూ మాట్లాడినప్పుడు ఈ ఏర్పాటు ఒక్క క్షణం తప్పితే పొలమారుతుంది. ఎవరో తలచుకొంటున్నారని పెద్దలు నెత్తిన తట్టుతారు; నిజానికి దారి తప్పిన మెతుకును శరీరం దగ్గుతో వెలుపలికి నెట్టుతున్నది.

ఉపజిహ్విక క్రింద స్వరపేటిక. అందులోని రెండు స్వరతంత్రులు దగ్గరగా చేరినప్పుడు, వెలుపలికి వచ్చే గాలి వాటిని కంపింపజేస్తుంది, అదే స్వరం. మనం పలికే ప్రతి మాటా, ఉదయం పఠించే త్రిశరణమూ, రక్తానికి ప్రాణవాయువును అప్పగించి తిరిగి పోతున్న గాలితోనే పుట్టుతున్నది. విడిచిపెట్టే ఊపిరిని కూడా వ్యర్థం చేయక భాషగా మార్చుకొన్న ప్రాణి మనిషి.

స్వరపేటిక నుండి దిగే గొట్టం వాయునాళం. పొడవు సుమారు 10 నుండి 12 సెంటీమీటర్లు. 16 నుండి 20 వరకు ఉండే మృదులాస్థి వలయాలు అది ముడుచుకొనిపోకుండా తెరచి ఉంచుతాయి. ఈ వలయాలు పూర్తి వలయాలు కావు. వెనుకవైపు తెరచి ఉంటాయి. వెనుకనే ఆహారనాళం ఉన్నది గనుక, ముద్ద దిగేటప్పుడు అది కాస్త ఉబ్బడానికి ఈ మెత్తదనం వీలు కల్పిస్తుంది. ఛాతీ నడుమకు వచ్చి వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. కుడివైపు శాఖ పొట్టిగా, వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. పసిపిల్లలు వేరుసెనగ గింజను పొరపాటున పీల్చినప్పుడు అది తరచుగా కుడి ఊపిరితిత్తిలోకి జారడానికి కారణమిదే. కుడి ఊపిరితిత్తికి మూడు ఖండాలు, ఎడమదానికి రెండే. గుండెకు చోటివ్వవలసి రావడం వలన ఎడమది కొంత చిన్నది.

ఈ దారి పొడవునా శ్లేష్మపు పొర ఉంటుంది, దాని అడుగున శైలికలు అనే అతి సూక్ష్మమైన కేశాలు ఉంటాయి. వరిచేలో గాలివాటుకు వెన్నులన్నీ ఒకేవైపు వంగినట్లు, ఇవి అన్నీ కలిసి పైవైపుకే ఊగుతూ, దుమ్ము అంటుకొన్న శ్లేష్మాన్ని గొంతువైపు మోస్తాయి. నిద్రలో సైతం ఆగని పారిశుద్ధ్యం ఇది. పొగాకు పొగ ఈ శైలికలను మందగింపజేసి, క్రమంగా నశింపజేస్తుంది. ఊడ్చేవారు లేని ఇంట్లో చెత్త పేరుకొన్నట్లు, అక్కడ శ్లేష్మం పేరుకొంటుంది. పొగ త్రాగేవారి తెల్లవారుజాము దగ్గు ఆ ఇంటి మొర.

శ్వాసనాళం రెండుగా, అవి నాలుగుగా చీలుతూ సుమారు 23 తరాల కొమ్మలు వేస్తుంది. చివరి కొమ్మలకు ద్రాక్ష గుత్తులవలె వాయుగోణులు వ్రేలాడుతుంటాయి. వాటి సంఖ్య 30 కోట్ల నుండి 50 కోట్ల వరకు ఉంటుందని అంచనా. వాటన్నిటి లోగోడలను విప్పి పరచగలిగితే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఇంటి నేలంత వైశాల్యం వస్తుంది. ఆ గోడకు అవతలనే రక్తకేశనాళికలు. గాలికీ రక్తానికీ నడుమనున్న అడ్డు మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్న పలుచన. ప్రాణవాయువు ఇటునుండి అటు, బొగ్గుపులుసు వాయువు అటునుండి ఇటు, ఎక్కువ ఉన్నచోటునుండి తక్కువ ఉన్నచోటుకు తమంతట తాము ప్రవహిస్తాయి. అక్కడ ఎర్ర కణాలలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును ఎత్తుకొని పోతుంది. పీల్చే గాలిలో నూటికి 21 వంతులున్న ప్రాణవాయువు విడిచే గాలిలో సుమారు 16 వంతులకు దిగుతుంది. దాదాపు లేనట్టే ఉన్న బొగ్గుపులుసు వాయువు సుమారు 4 వంతులకు పెరుగుతుంది.

ఈ చివరి రహస్యం మనిషికి సులభంగా చిక్కలేదు. గుండె నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నవనీ, వాటిగుండా రక్తం కుడినుండి ఎడమకు పోతుందనీ గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాట వెయ్యేండ్లు చెల్లింది. డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ 1242లో ఆ మాటను కాదన్నారు. ఆ గోడ దట్టమైనది, దానిలో రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు చేరుతుంది అని వ్రాశారు. ఆ వ్రాతప్రతి మరుగునపడి 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో మరల వెలుగు చూసింది. ఇటలీలో మాల్పీగీ 1661లో కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో చూచి, ధమనులను సిరలతో కలిపే రక్తకేశనాళికలను మొదటిసారి ప్రకటించారు. ఒక సత్యం వెలువడడం వేరు, అది లోకానికి దక్కడం వేరు అని చరిత్ర విద్యార్థులు ఇక్కడ గుర్తించాలి. ఆ తేడాను మన కాలంలోనూ చూడబోతున్నాం.

ఇక తిత్తిని ఆడించేదెవరు? ఊపిరితిత్తులకు తమంతట తాము ఉబ్బే కండరం లేదు. ప్రతి ఊపిరితిత్తినీ రెండు పొరల ప్లూరా చుట్టి ఉంటుంది. ఆ పొరల నడుమ పలుచని ద్రవం. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానిపై ఒకటి జారుతాయి గాని విడిపోనట్లు, ఈ పొరలు ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అంటిపెట్టి ఉంచుతాయి. ఛాతీ అడుగున గుమ్మటంవలె ఉన్న ఉదరవితానం సంకోచించి చదునైనప్పుడు, పక్కటెముకల నడుమ కండరాలు ఎముకలను పైకీ వెలుపలికీ లాగినప్పుడు, ఛాతీ విశాలమవుతుంది. ఊపిరితిత్తులు దానితోపాటు విచ్చుకొంటాయి. గాలి లోనికి ప్రవహిస్తుంది. కండరాలు సడలగానే తిత్తి తన సాగుడు గుణంచేతనే ముడుచుకొంటుంది. పొట్ట పైకి లేచి దిగడాన్ని ధ్యానులు గమనించేది ఈ ఉదరవితానపు కదలికనే. విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి నిమిషానికి 12 నుండి 16 సార్లు, ప్రతిసారీ సుమారు అర లీటరు గాలిని పీల్చుతాడు. అందులో 150 మిల్లీలీటర్లు దారిలోనే నిలిచిపోతుంది, వాయుగోణులకు చేరేది మిగిలినదే. అందుకే పైపైన వేగంగా పీల్చే ఊపిరికన్న నిదానమైన లోతైన ఊపిరి ఫలవంతం. రోజు మొత్తానికి లెక్కిస్తే ఇది సుమారు 10,000 లీటర్లు. అన్నం ఒక పూట మానగలం, నీరు పక్క ఊరినుండి తెచ్చుకోగలం. గాలిని మాత్రం నిలబడిన చోటనే, ఆ నిమిషానికే, ఉన్నదాన్నే పీల్చక తప్పదు.

ఈ కండరాలకు ఆజ్ఞ మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం నుండి వస్తుంది. మనం నిద్రించినా అది నిద్రించదు. కావాలనుకొంటే మనం ఊపిరిని కొంతసేపు బిగబట్టగలం, నిదానించగలం. గుండెను ఆ విధంగా ఆపలేం. దేహమూ మనస్సూ రెండింటికీ అధికారమున్న పని శ్వాస. కాని మనస్సు అధికారానికి హద్దు ఉన్నది. బిగబట్టిన ఊపిరి కొద్దిసేపటికే మన మాట వినదు. ఆ తహతహ ప్రాణవాయువు తగ్గినందువలన పుట్టుతుందని మనం అనుకొంటాం. ప్రధాన కారణం అది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞులు 1905లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, శ్వాసను నడిపే ముఖ్య సంకేతం బొగ్గుపులుసు వాయువు. అది కొద్దిగా పెరిగితే చాలు, శ్వాస వేగపడుతుంది. ప్రాణవాయువు కొరతను కనిపెట్టే చిన్న గ్రాహకాలు మెడ ధమనుల వద్ద ఉన్నవి. అవి కొరత బాగా ముదిరితే గాని గట్టిగా మేల్కొనవు.

అంటే మన శ్వాసకు కావలి ఉన్నవాడు ఒక దొంగనే గుర్తుపట్టగలడు. బొగ్గుపులుసు వాయువు వస్తే కేక వేస్తాడు. ప్రాణవాయువు చల్లగా జారిపోతే కేక వేయడు. అటువంటి గాలిలో నిలబడిన మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. తల తేలికపడుతుంది, మోకాళ్లు సడలుతాయి, తరువాత ఏమీ తెలియదు. మూసి ఉన్న మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో జరిగేది ఇదే. దానికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. గాలికన్న కొంచెం బరువైనది గనుక అడుగున చేరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైనప్పుడు వాసన పట్టే నాడినే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది గదా అని మనిషి మరింత ధైర్యంగా దిగుతాడు. ఆ వాయువు కణాలలోకి చేరి, అందిన ప్రాణవాయువును సైతం వాడుకోనీయకుండా చేస్తుంది. మోతాదు హెచ్చితే కొద్ది ఊపిరులలోనే మజ్జాముఖపు ఆజ్ఞ ఆగిపోతుంది. నాసిక వడకట్టలేదు, శైలికలు ఊడ్చలేవు, దగ్గు నెట్టలేదు. మేమింతవరకు వర్ణించిన రక్షణలన్నీ ధూళిని ఎదుర్కొనేవి. ఈ శత్రువు ముందు అవి నిరాయుధాలు.

1895 జూలై 1న లండన్ ప్రక్కనున్న ఈస్ట్ హామ్ మురుగునీటి పంపింగ్ కేంద్రంలో ఒక కార్మికుడు బావిలోకి దిగి పడిపోయాడు. అతనిని కాపాడబోయి ఒకరి వెనుక ఒకరుగా నలుగురు దిగారు. అయిదుగురూ మరణించారు. హాల్డేన్ ఆ మరణాలను పరిశోధించి, హంతకి హైడ్రోజన్ సల్ఫైడ్ అని తేల్చారు. ప్రాణత్యాగం చేసిన ఆ నలుగురి పేర్లతో లండన్‌లోని పోస్ట్‌మెన్స్ పార్కులో ఒక స్మారక పలక నేటికీ ఉన్నది. 125 ఏండ్లు దాటిపోయినవి. కారణం తెలిసింది, పుస్తకాలకెక్కింది. మన నగరాలలో మాత్రం ఒకడు దిగడం, పడిపోవడం, తోటివాడు చూడలేక దిగడం, ఇద్దరు ముగ్గురి శవాలను తాళ్లతో పైకి తీయడం వార్తాపత్రికలలో మాటిమాటికీ చదువుతూనే ఉన్నాం. ఎవరు దిగుతున్నారో, ఏ కులాల వాడలనుండి వస్తున్నారో ఈ సభకు మేము చెప్పనవసరం లేదు. వాయుగోణులకు కులం లేదు. మ్యాన్‌హోల్‌లోకి దిగేవారి ఎంపికకు ఉన్నది.

చట్టం లేక కాదు. చేతులతో మలమూత్రాలను ఎత్తే పనిని, రక్షణ లేకుండా మురుగు కాలువలను శుభ్రపరచే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ఆ ఏడు డిసెంబరు 6న అమలులోకి వచ్చింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాపరినిర్వాణ దినం కూడా అదే. సఫాయి కర్మచారీ ఆందోళన్ తెచ్చిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుండి మురుగు కాలువలలో మరణించిన ప్రతివారి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల పట్టణంలో, పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో జన్మించినవారు. చట్టమూ తీర్పూ ఉన్నవి. 1242 నాటి వ్రాతప్రతివలె అవి అల్మరాలో మరుగుపడరాదనేదే మా మనవి.

హాల్డేన్ కుటుంబానికీ మనకూ ఒక అనుబంధం ఉన్నది. ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ బాల్యంలో తండ్రితో గనులలోకి దిగేవాడు. మీథేన్ తేలికైనది, గని కప్పు వద్ద చేరుతుందని కుమారునికి బోధపరచడానికి తండ్రి అతనిని లేచి నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నారు. కొద్దిసేపటికే బాలుడు కూలిపోయాడు. నేలమీద గాలి బాగుండడంతో తేరుకొన్నాడు. ఆ బాలుడే ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్తగా 1957లో భారతదేశానికి వచ్చి, ఈ దేశ పౌరసత్వం స్వీకరించి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. విషవాయువు ఎక్కడ పొంచి ఉంటుందో తన ఊపిరితో నేర్చుకొన్న మనిషి, చివరకు తన దేహాన్నే తెలుగునేలపై వైద్య విద్యార్థులకు పాఠంగా మిగిల్చారు.

ఇంతవరకు చెప్పినదాని ఫలితంగా నాలుగు మాటలు. మురుగు తొట్టిలోకి ఎవరినీ దిగనీయకండి. తీయడానికి యంత్రాలున్నవి, అడిగే హక్కున్నది. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకుకు కూడా ఇదే నియమం. ఎవరైనా లోపల పడిపోతే ఎంత ఆత్మీయుడైనా వెంట దూకకండి. ముఖానికి కట్టుకొన్న తడిగుడ్డ వాయువును ఆపదు. 112కు గాని, అగ్నిమాపక దళానికి 101కి గాని ఫోన్ చేసి, శ్వాస పరికరాలున్నవారిని రప్పించండి. రాళ్ల క్రషర్లలో పనిచేసే బంధువులుంటే, ఆ సన్నని దుమ్ము శైలికలను దాటి వాయుగోణులలో దిగి మానని మచ్చలు వేస్తుందనీ, నీరు చల్లి దుమ్మును అణచమని యజమానిని నిలదీయవలెననీ చెప్పండి.

కొలిమితిత్తికి గాలి ఏదైనా ఒకటే, ఊపిరితిత్తికి కాదు. ఎంతో నేర్పుగా అమరిన ఈ శ్వాస మార్గానికి ప్రకృతి ఇచ్చిన కావలి అసంపూర్ణమైనది. మిగిలిన కావలి తెలివిదీ, చట్టానిదీ, తోటివారిదీ. తన శ్వాసను గమనించడం నేర్చినవారికి ఇతరుల శ్వాసను గమనించడం కొత్త విద్య కాదు.